పీకడానికి పెంచిన మొక్క

పవిత్ర పత్ర వికాస మండలి అని కేంద్ర సంస్థ ఒకటుంది. తులసి, మారేడు, జమ్మి వగైరా ఆకుల అభివృద్ధి దాని పని. ఆకులు ఏ మేరకు అభివృద్ధి చెందాయో తెలియదు గాని, మండలి మాత్రం ఢిల్లీలో పెద్ద భవనమై ఎదిగి దేశమంతా కొమ్మలు చాచింది. అందులో ఒక కొమ్మ రాజమండ్రి దానవాయిపేటలో అద్దె మేడ మీద ఆనింది.

ఆ ఆఫీసులో దమయంతి సీనియర్ గుమాస్తా. పెళ్లయి పద్నాలుగేళ్లు. అందులో పదమూడేళ్లు ఆవిడ రాయపూర్‌లోనో జబల్పూర్‌లోనో ఆకులు లెక్కపెడుతూ గడిపింది. మొగుడు గంగరాజు రాజమండ్రి డిపోలో బస్సు నడుపుకుంటూ, తన వంట తానే వండుకుంటూ గడిపాడు. భార్యాభర్తలు ఒకేచోట ఉంటే ఉద్యోగి మనసు పని మీద నిలవదని మండలికి గట్టి నమ్మకం. కాళ్లరిగేలా తిరిగాక కిందటేడు ఆవిడను రాజమండ్రి వేశారు. పొద్దున్నే లేచి కాఫీలో పంచదార తక్కువైందని మొగుడితో దెబ్బలాడడం ఎంత సుఖమో ఆవిడకు ఈ ఏడాదే తెలిసింది. ఆ సుఖాన్ని మళ్లీ వదులుకోవడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు.

అలాంటి మనిషి ఒకరోజు నోరు జారింది.

నెలకోసారి ఢిల్లీ పెద్దలు తెర మీద కనిపించి ప్రాంతీయ కార్యాలయాల కష్టసుఖాలు విచారిస్తారు. కష్టాలేమీ లేవని వీళ్లు చెప్పడం, సంతోషమని వాళ్లనడం ఆనవాయితీ. ఆరోజు పరిపాలనాధికారి చక్రధరరావు సెలవులో ఉన్నాడు. తెర ముందు కుర్చీలో దమయంతి కూర్చోవలసి వచ్చింది. అప్పటికి పది నిమిషాల ముందే ఆవిడ, చక్రధరరావు పురమాయించి వెళ్లిన ప్రకారం, మేడ మీది తులసివనానికి ఎరువు, కలుపుతీత, నీళ్ల బిల్లులు టైపు చేసింది. మేడ మీద ఉన్నవి నీళ్ల ట్యాంకూ, 'తులసివనం' అని రాసిన బోర్డూ మాత్రమే. ఆరేళ్లుగా ఆ బోర్డుకే ఎరువు వేస్తున్నారు. టైపు చేసిన చేతులింకా మండుతూనే ఉన్నాయి.

"మీ సమస్యలు నిర్భయంగా, మీ మాతృభాషలోనే చెప్పండి" అన్నారు వనస్పతి విభాగం డైరెక్టరు భార్గవగారు. అది భాషా సౌహార్ద పక్షం. పక్కనే పాణిగ్రాహి అనే అనువాదకుడున్నాడు. మూడు నెలల శిక్షణలో తెలుగు నేర్చుకుని, ధ్రువపత్రం కూడా పుచ్చుకున్న మనిషి.

"బంగారంలాంటి ఆఫీసండి మాది" అంది దమయంతి. "కాకపోతే తులసివనంలో గంజాయి మొక్క ఒకటి మొలిచిందండి. దాన్ని తమరు పీకేస్తే మిగతావాళ్లం సుఖంగా పని చేసుకుంటామండి."

పాణిగ్రాహి ఒక్క మాట పోనివ్వకుండా అనువదించాడు. భార్గవగారు కలం తీశారు.

"ఎంత ఎత్తుంటుంది?"

వింత ప్రశ్నే. అయినా పెద్దవాళ్లు అడిగారు. "ఐదడుగుల ఎనిమిదంగుళాలుంటుందండి."

"ఎన్నాళ్లుగా ఉంది?"

"ఆరేళ్లండి. బాగా పాతుకుపోయిందండి."

"నీళ్లెవరు పోస్తున్నారు?"

"ఇంకెవరండి, పైవాళ్లే."

భార్గవగారు 'మేడ పైవాళ్లు' అని రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. 'ప్రాంతీయ కార్యాలయ తులసివనమందు మొలిచినట్లు ఫిర్యాదు అందిన గంజాయి మొక్కను తనిఖీ బృందం సమక్షంలో సమూలముగా ఉన్మూలించి, ఉన్మూలనకు పూర్వ, అనంతర ఛాయాచిత్రములను సమర్పించవలెను' అని దాని సారాంశం.

సెలవు నుంచి వచ్చిన చక్రధరరావు ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. మొక్క ఎవరో మొదటిసారికే అర్థమైంది. ఢిల్లీకి అర్థం కాలేదన్న సంగతి రెండోసారికి అర్థమైంది. అప్పుడు ఆయన మొహం చాటంతైంది. దమయంతిని పిలిచి కూర్చోమన్నాడు. ఆరేళ్లలో ఆయన ఎవర్నీ కూర్చోమని ఎరగడు.

"దమయంతిగారూ, నన్ను మొక్కన్నారట."

"సామెతండి" అంది దమయంతి తల వంచుకుని. "అది సామెతేనని ఢిల్లీకి వివరంగా రాసి పంపానండి కూడా."

"జవాబొచ్చింది, చూడండి. సామెతలు వనస్పతి విభాగం పరిధిలోకి రావట. మొక్క ఉందని ఫిర్యాదు. మొక్క లేకపోతే ఫిర్యాదు తప్పుడుది. తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లని శిక్షగా బదిలీ చేస్తారు. కొండ ప్రాంతాలకి."

"మొక్క ఉంటేనోనండి?"

"ఉంటే ఫిర్యాదు నిజం. నిజం చెప్పినవాళ్లకి స్థానికంగా ప్రాణాపాయం ఉంటుంది కదమ్మా. అందుకని వాళ్లని రక్షణ కోసం బదిలీ చేస్తారు. అవీ కొండ ప్రాంతాలే." చక్రధరరావు జాలిగా చూశాడు. "విచారణ నడుస్తున్నంతకాలం మాత్రం ఫిర్యాదుదారుని కదపకూడదు. ఫైలు మూసిన మర్నాడు మీరు సామాను సర్దుకోవలసిందే."

ఆ రాత్రి దమయంతి కంచం ముందు కూర్చుని ఏడ్చింది. గంగరాజు పప్పు కలుపుకుంటూ సాంతం విన్నాడు.

"నిజమైనా పంపేస్తారు, అబద్ధమైనా పంపేస్తారు. అంతేనా?" అన్నాడు. "మా డిపోనే నయవే. గుద్దితేనే పంపిస్తారు."

"వేళాకోళమా మీకు?"

"కాదే. నీకు కోపమొస్తే నామీద పడొచ్చు కదా, నేనున్నది దేనికి? ఢిల్లీ మీద పడ్డావు." పప్పుగిన్నె ఆవిడ వైపు జరిపి అన్నాడు. "ఒక్కడికి ఎసట్లో ఎన్ని బియ్యం పొయ్యాలో నేను మర్చిపోయాను. మళ్లీ నేర్చుకోవాలంటే నా వల్ల కాదు."

ఆ మాటకి ఆవిడకు ఇంకా ఏడుపొచ్చింది.

అవతల చక్రధరరావు బుర్ర పాదరసంలా పనిచేస్తోంది. తనిఖీ బృందం వచ్చి మేడెక్కితే బోర్డు తప్ప ఏమీ కనబడదు. కాబట్టి తులసివనం ఉండాలి. తులసివనంలో గంజాయి మొక్క లేకపోతే, మరి ఆవిడ అన్నది దేన్నని ఆరా మొదలవుతుంది. కాబట్టి గంజాయి మొక్కా ఉండాలి. తులసి కుండీలు కడియం నర్సరీలో దొరికాయి. రెండోది అక్కడ దొరకదు.

ఆయన ఢిల్లీకి రాశాడు. 'సదరు మొక్కను క్రిందిస్థాయి సిబ్బంది అత్యుత్సాహముతో ముందే పీకివేసినారు. ఉత్తర్వు అమలుకు మొక్క అవసరమై ఉన్నది.'

ఢిల్లీలో ఈ విషయమై మూడు సమావేశాలు జరిగాయి. అధికారి సమక్షం లేకుండా పీకడం క్రమశిక్షణా రాహిత్యమనీ, పీకిన మొక్కను మళ్లీ పూర్వస్థితికి తెచ్చి, నియమం ప్రకారం పీకాలనీ తేల్చారు. ఎక్సైజు శాఖ మొదట ససేమిరా అంది. "పెంచడం నేరమండి" అన్నాడు ఆ శాఖ అధికారి. "మేము పెంచడం లేదండి, పీకుతున్నాం. దానికి ముందు దశలో ఉన్నామంతే" అని మండలి బదులిచ్చింది. ఇది ఆయన సర్వీసులో ఎదురుపడని తర్కం. ఆలోచించి ఆలోచించి, 'ఉన్మూలనార్థ పెంపకం' అనే కొత్త పద్దు కింద ఒకే ఒక్క మొక్కకు అనుమతి ఇచ్చి, అది కుండీ దాటి పోకుండా ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు.

అంతలో న్యాయ విభాగం మెలిక పెట్టింది. పూత లేనిదే దాన్ని గంజాయిగా రుజువు చేయలేమంది. మామూలు రకం పగళ్లు పొట్టివైతే గాని పూయదు. తనిఖీ ఏమో నడి వేసవిలో. దాంతో ఢిల్లీవాళ్లు విదేశీ పరిశోధన కేంద్రం నుంచి ఒక ప్రత్యేక రకం విత్తనం తెప్పించి, సీలు వేసి పంపారు. తోడుగా పాణిగ్రాహి తెనిగించిన చిన్న పుస్తకం. పేరు 'ఆరుబయట కుండీలలో ఆటో పుష్ప గంజాయి: తొలిసారి పెంచువారికి మార్గదర్శి'. అందులో మొదటి వాక్యం: 'ఈ రకము ఆటోలో పూచును.'

చక్రధరరావు వెంటనే ఆటో మాట్లాడాడు. నెలవారీ అద్దె, ఇంధనం, నిర్వహణ అని మూడు బిల్లులు పుడతాయి గనక ఆయనకు ఈ రకం విపరీతంగా నచ్చింది. ఆటోవాలా సింహాద్రి కుండీని వెనక సీట్లో పెట్టుకుని బుర్ర గోక్కున్నాడు.

"ఆయ్, నా బండిలో స్కూలు పిల్లలు కక్కుతారు గాని పువ్వులు పుయ్యవండి."

"ఢిల్లీవాళ్లు రాసింది తప్పంటావా?"

"నేననలేదండి. కాకపోతే టాపుంటే ఎండెలా తగులుద్దండి? రోజంతా ఎండ ఉండాలని రాశారంట కదండి."

అది సాంకేతిక సమస్య. ఆటోకి టాపు కోయించారు. ఎండ ఎటు ఉంటే అటు తిప్పమన్నారు. పొద్దున కోటిలింగాల రేవు, మధ్యాహ్నం గోదావరి గట్టు, సాయంత్రం హేవలాక్ వంతెన వైపు. వెనక సీట్లో కుండీ, పక్కన తుపాకీ పట్టుకున్న కానిస్టేబులు. దారిలో జనం చెయ్యెత్తితే సింహాద్రి ఆపకుండానే జవాబు చెప్పేవాడు.

"ఖాళీ లేదండి, మొక్కుంది."

మొక్కు ఉందేమో అనుకుని, ఏ దేవుడికని అడిగినవాళ్లూ ఉన్నారు.

పక్షం రోజుల తరవాత ఢిల్లీ నుంచి తప్పొప్పుల పట్టిక వచ్చింది. 'ఆటోలో' అని ఉన్నచోట 'తనంతట తానే' అని చదువుకొనవలెను. అంటే ఈ రకం పగలు పొడుగా పొట్టా అని చూడదు, వయసొస్తే పూస్తుంది. కుండీ మళ్లీ మేడెక్కింది. టాపు లేని ఆటోకి నష్టపరిహారం బిల్లు తయారైంది. దాన్ని టైపు చేసింది దమయంతే.

ఇంకో చిక్కు పుస్తకం మూడో పేజీలో వచ్చింది. 'క్రొత్తవారు చేయు మొదటి తప్పు అతిగా నీరు పోయుట. మట్టిలో వేలు పెట్టి చూచి, తడి తగిలిన పోయరాదు.' ఎవరి వేలు? ఏ హోదా గల వేలు? స్టోరుకీపరు ఫణీంద్ర లేవనెత్తిన ఈ ప్రశ్న మీద ఆఫీసు రెండుగా చీలింది. చివరికి చక్రధరరావు లేచి, "ఈ ఆఫీసులో దేంట్లోనైనా వేలు పెట్టే అధికారం నాది" అని తేల్చేశాడు. ఆ మాట ఎవరూ కాదనలేకపోయారు. ఆయన సెలవు పెట్టిన రోజుల్లో ఆ అధికారాన్ని ఫణీంద్రకు దఖలుపరిచారు.

న్యాయంగా చెప్పుకోవాలంటే, మొక్క మాత్రం చక్కగా పెరిగింది. పుస్తకం చెప్పినట్టు పెద్ద కుండీ, అడుగున చిల్లులు, వదులు మట్టి, ఒకసారి నాటాక వేరే కుండీకి మార్చకపోవడం, అన్నీ జరిగాయి. ఆరేళ్లలో ఆ ఆఫీసులో పుస్తకం ప్రకారం జరిగిన మొదటి పని అదే. చుట్టూ పెట్టిన తులసి కుండీలకు మాత్రం పాత అలవాటు కొద్దీ కాగితం మీదే నీళ్లు పోశారు. అవి వరసగా మాడిపోయాయి.

ఒకనాడు కానిస్టేబులు గబగబా కిందికి దిగొచ్చి, "పూసిందండి" అన్నాడు.

ఆఫీసంతా మేడెక్కింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. అయినా దాని పని అది చేసుకుపోయింది. సంస్థలో ఇలా జరగడం ఎవరూ చూసి ఉండలేదు. చక్రధరరావు కళ్లు చెమర్చాయి. ఉత్తమ ఉన్మూలనార్థ పెంపకందారుగా తనకు ప్రశంసాపత్రం ఇవ్వాలని ఆ సాయంత్రమే ఆయన స్వయంగా సిఫార్సు రాసుకున్నాడు. దమయంతి మాత్రం ఆ పూత చూసి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. అది పూయడమంటే తనిఖీ. తనిఖీ అంటే ఫైలు మూత. ఫైలు మూసిన మర్నాడు తను రైలెక్కాలి.

తనిఖీ రోజు పొద్దున గంగరాజు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ మొక్కేనని చెప్పేసి వచ్చెయ్యవే. ఎటూ పంపుతారు. గొడవ లేకుండా పంపుతారు."

"అలాగేనండి" అంది దమయంతి. అప్పటికి అలాగే అనుకుంది కూడా.

ఢిల్లీ నుంచి భార్గవగారు, పాణిగ్రాహి, ఆరేళ్లుగా తులసివనం బిల్లులు మంజూరు చేస్తున్న లెక్కల అధికారి మల్హోత్రా వచ్చారు. మల్హోత్రాను చక్రధరరావు స్టేషన్‌కి వెళ్లి స్వయంగా తీసుకొచ్చాడు. పూతరేకుల పెట్టెలు రెండు ఆయన బ్యాగులోకి నడిచి వెళ్లాయి.

భార్గవగారు మొక్క చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆయన నిజమైన శాస్త్రవేత్త. మొక్కను చూస్తే ఆయనకు మనుషులు కనబడరు. "కుండీలో, అదీ తొలిసారి. అద్భుతం" అని మెచ్చుకుని, ఫైలు తెరిచారు. "నియమం ప్రకారం ఫిర్యాదుదారు గుర్తుపట్టాలి. అమ్మా, మీరు చెప్పిన మొక్క ఇదేనా?"

పాణిగ్రాహి తెలుగులో అడిగాడు. అవునందామనే దమయంతి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే చక్రధరరావు మెడలో పడబోయే సన్మానం దండకు వీలుగా కాలరు సర్దుకోవడం ఆవిడ కంటబడింది. ఎటూ పోయేదాన్ని, ఈయనకు దండ వేయించి మరీ పోవాలా అనిపించింది. ఒళ్లు మండింది.

"కాదండి" అంది. "నేను చెప్పింది ఐదడుగుల ఎనిమిదంగుళాలండి. దీనికి మూడడుగులు కూడా లేవు. నేను చెప్పింది ఆరేళ్లదండి. ఇది మొన్నటిది."

భార్గవగారు ఫైలు చూశారు. ఆవిడ చెప్పినట్టే ఉంది. "మరి ఆ మొక్క ఏది?"

"అదిగోనండి" అని దమయంతి చక్రధరరావును చూపించింది.

భార్గవగారు టేపు తెప్పించారు. కొలిచారు. ఐదడుగుల ఎనిమిదంగుళాలు.

"కాని సార్, ఈయన మనిషి కదా" అన్నాడు పాణిగ్రాహి నెమ్మదిగా.

"మనుషుల ఫైళ్లు విజిలెన్సు విభాగానివి. ఇది వనస్పతి విభాగంలో తెరిచిన ఫైలు. మన ఫైల్లో ఉన్నదంతా మొక్కే" అన్నారు భార్గవగారు. "మొక్కల విషయంలో మన విభాగానికి మూడే అధికారాలు. నీరు పోయడం, కొమ్మ కత్తిరించడం, పీకడం. ఉత్తర్వులో పీకమని ఉంది."

"అయ్యా, నేను మనిషినండి" అన్నాడు చక్రధరరావు.

"కావచ్చు. ఆ మేరకు విజిలెన్సు నుంచి ధ్రువపత్రం తెచ్చుకోండి. వాళ్లు మీ సర్వీసు, బిల్లులు అన్నీ పరిశీలించి, మనిషేనని తేలిస్తే మాకు అభ్యంతరం లేదు."

చక్రధరరావు ఆటో బిల్లులు తలుచుకున్నాడు. తులసివనానికి ఆరేళ్ల ఎరువు తలుచుకున్నాడు. కాసేపటికి ఆయన చేతులు కట్టుకుని, మొక్కలాగే కదలకుండా నిలబడ్డాడు.

పని చకచకా జరిగింది. కుర్చీలో ఆయన ఉండగా ఒక ఫొటో, కుర్చీ ఖాళీగా ఒక ఫొటో తీశారు. మొక్కలకు జీతభత్యాలుండవు గనక హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. అసలు మొక్క మీద ఎవరి ఫిర్యాదూ లేదు గనక దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. కానిస్టేబులు దాన్ని ఒక్క లాగుడుతో పీకి, గోనెసంచిలో కుక్కుకుని ఎక్సైజు ఆఫీసుకు పోయాడు.

భార్గవగారు కలం మూత తీశారు. "ఇక చివరి అంశం. సమూలంగా అని ఉత్తర్వు. వేళ్లేమైనా మిగిలాయా? లేవంటే ఫైలు ఇక్కడే మూసేస్తాను."

"వేళ్లేముంటాయి సార్, మూసేయండి" అన్నాడు మల్హోత్రా. ఆయనకు రైలు వేళైంది.

దమయంతి చుట్టూ చూసింది. ఫణీంద్ర తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. మల్హోత్రా పూతరేకుల బ్యాగు కాళ్ల మధ్యకు జరుపుకున్నాడు. కలం కాగితం మీదికి వాలుతోంది. ఆవిడకు అప్పుడు భయం పోయింది.

"ఉన్నాయండి" అంది.

"ఎంత దూరం?"

"స్టోరు గది కింద నుంచి వెళ్లాయండి. అక్కడ కాస్త లావుగా ఉన్నాయి. అక్కణ్నుంచి పాకి పాకి ఢిల్లీ దాకా పోయాయండి. లెక్కల విభాగం వైపు."

పాణిగ్రాహి ఒక్క మాట పోనివ్వకుండా అనువదించాడు. మల్హోత్రా ఏదో అనబోయి, అంటే ఏ విభాగం కిందికి వస్తానో అర్థం కాక ఆగిపోయాడు. భార్గవగారి మొహం వెలిగిపోయింది. అంత పొడవు వేరు ఆయన తన జీవితంలో వినలేదు. కలం మూత పెట్టేసి, ఫైలు వీపు తట్టి చెప్పారు.

"ఇది ఏళ్ల తరబడి తవ్వవలసిన పని. వేరు చివర కనబడేవరకు ఫైలు మూయడానికి వీల్లేదు. ఫిర్యాదుదారుని స్థానం కదల్చడానికి అసలే వీల్లేదు."

దమయంతి మెట్లు దిగి గంగరాజుకు ఫోను చేసింది. అతను బస్సు పక్కన ఆపి ఎత్తాడు.

"ఎక్కడికేశారు?"

"ఎక్కడికీ లేదండి. రిటైరయ్యేదాకా ఇక్కడే."

వెనక ప్యాసింజర్లు కేకలేస్తున్నారు. "ఏం అబద్ధం చెప్పావే?" అన్నాడు.

"నిజమే చెప్పానండి. ఈసారి వాళ్ల భాషలో చెప్పాను."